చుక్కలు లెక్కపెట్టిన మనిషి

ఆ పదకొండు రోజులు నాకు జ్వరం వచ్చిందా, రాలేదా? పంతొమ్మిదేళ్లుగా ఈ అనుమానం నాతోనే ఉంది. గిన్నెలు తోముతున్నప్పుడు వస్తుంది. దేవుడి ముందు కూర్చుని కళ్లు మూసుకున్నప్పుడు వస్తుంది. ఒంట్లో జ్వరం ఉందో లేదో ఆ ఒంట్లో ఉన్న మనిషికి తెలియదా అని మీరు అడగవచ్చు. తెలియకపోవచ్చు. ఇంట్లో ఇద్దరు మనుషులు, ఒకరు శాస్త్రవేత్త, ఇంకొకరు ఆయన్ని కన్నతల్లి, నీకు జ్వరం వచ్చిందని ఒకే మాట మీద నిలబడితే మూడో మనిషికి తన నుదురు తనకే వేడిగా తగులుతుంది.

మా ఆయన పని నరాల మీద. పెళ్లైన కొత్తలో ఒకే ఒక్కసారి నాకు విడమరచి చెప్పారు. "నరం మీద చిన్న చిన్న తాళంకప్పలు ఉన్నాయనుకో. నొప్పి తాళంచెవి లాంటిది. అది వచ్చి కప్పలో పడితేనే నీకు నొప్పి తెలుస్తుంది. ఆ కప్పలనే రిసెప్టర్లు అంటాం. అవి ఎన్ని ఉన్నాయి, నొప్పి చాలాకాలం ఉంటే పెరుగుతాయా తగ్గుతాయా, అదీ నేను చేసే పని." నాకు బాగానే అర్థమైంది. అర్థమైన ఉత్సాహంలో, "అయితే పెరుగుతాయాండీ, తగ్గుతాయా?" అన్నాను. ఆయన చటుక్కున ఆగి, "చాలు. ఇంతకుమించి నీకు తెలియకూడదు," అన్నారు. కోపంగా అనలేదు. తడిచేత్తో స్విచ్చి ముట్టుకోవద్దు అన్నట్టు అన్నారు.

ఎందుకు తెలియకూడదో కొన్నాళ్లకు తెలిసింది. ఎలుక వెన్నుపాములోంచి ఉల్లిపొర కన్నా పల్చటి ముక్కలు కోసి వాటికి ఒక మందు పట్టిస్తారు. ఆ మందు రిసెప్టర్లకే అంటుకుంటుంది. అంటుకున్న చోటల్లా ఫొటోలో ఒక నల్లచుక్క పడుతుంది. చుక్కలు ఎన్నో లెక్కపెడితే రిసెప్టర్లు ఎన్నో తేలినట్టే. అయితే లెక్కపెట్టే మనిషికి ఏ ఫొటో ఏ ఎలుకదో తెలియకూడదు. తెలిస్తే కళ్లు తమకు కావలసిందే చూస్తాయి. అందుకని ఫొటో వెనక ఒక అక్షరం, ఒక అంకె మాత్రం వేస్తారు. ల్యాబ్‌లో ఉన్నవాళ్లందరికీ అన్నీ తెలుసు. బయటి మనిషిని పెడితే జీతం ఇవ్వాలి. ఇంట్లో నేనున్నాను.

వంట, గిన్నెలు, బట్టలు, అత్తగారి స్నానం, మా అమ్మాయిని బడికి పంపడం అన్నీ అయ్యాక భోజనాల బల్ల తుడిచి, తడి ఆరనిచ్చి, దాని మీద ఫొటో పెట్టేదాన్ని. ఫొటో మీద ట్రేసింగ్ కాగితం పరిచి, లెక్కలోకి వచ్చిన ప్రతి చుక్క మీదా పెన్సిల్‌తో ఒక టిక్కు. పక్కన నాలుగు నిలువు గీతలు, ఐదోది అడ్డం. ఫొటోకి గంట. రోజుకి నాలుగు ఫొటోలు. ఇలా ఇరవై రెండేళ్లు. మధ్యలో ఎవరైనా పిలిస్తే పెన్సిల్ మొన అక్కడే ఆనించి, తల ఎత్తకుండా పలికేదాన్ని. "మీ కోడలు కనబడదేం?" అని ఎవరైనా అడిగితే అత్తగారు, "లోపల ఉందిలే, చుక్కలు లెక్కపెడుతోంది. పట్టపగలు!" అనేవారు. వచ్చినవాళ్లు పడీపడీ నవ్వేవారు.

ఒకసారి మా అమ్మాయి సైన్సు పుస్తకంలో నరాల పాఠం చదువుతూ ఆయనకు దొరికిపోయాను. పుస్తకం నెమ్మదిగా నా చేతుల్లోంచి తీసుకుని, మూసి, బీరువా పైన నాకు అందనంత ఎత్తున పెట్టారు. "తెలిస్తే నువ్వు నాకు పనికిరావు," అన్నారు. ఆ సాయంత్రం ఇంటికి వచ్చిన తోటి ప్రొఫెసర్ల ముందు అదే మాటకు కాస్త తీపి అద్దారు. "నా ల్యాబంతా మా ఆవిడ అజ్ఞానం మీద నడుస్తోందండీ. ఇంత స్వచ్ఛమైన సరుకు బజార్లో ఎంత పెట్టినా దొరకదు." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. చేతిలో టీ కప్పుల పళ్లెం ఉంది కాబట్టి ఒలక్కుండా నవ్వాను.

ఆ తర్వాత దేవుడి ముందు కూర్చున్నప్పుడు అడిగాను. స్వామీ, అజ్ఞానం పోగొట్టమని కదా అందరూ నిన్ను వేడుకునేది. మా ఇంట్లో నా అజ్ఞానంతోనే పొయ్యి వెలుగుతోంది. మరి నేను నిన్నేం కోరుకోవాలి? దేవుడు ఏమీ అనలేదు. పాలు పొంగిన వాసన వస్తే లేచి వెళ్లాను.

ఆయన దగ్గర పరిశోధనకు చేరిన వాళ్లలో ఒక అమ్మాయి ఉండేది. ప్రశ్నలు ఎక్కువ అడుగుతుందని ఆయనే కందిరీగ అని పేరు పెట్టారు. ఫొటోలు మా ఇంటికి తేవడం, లెక్కల కాగితాలు పట్టుకెళ్లడం ఆమె పని. ప్రొఫెసర్ గారింటికి వెళ్లే పనికి ఆడపిల్లైతే బావుంటుందని ఆమెకు అప్పజెప్పారు. తోటివాళ్లు సూక్ష్మదర్శిని ముందు కూర్చునే సమయంలో ఆమె మా మెట్లు ఎక్కి దిగుతూ ఉండేది. ఒకరోజు గుమ్మంలో నిలబడి, "మేడమ్, అచ్చయిన పరిశోధన పేపర్లో మీ గురించి ఏం రాస్తారో తెలుసా?" అంది.

"నా గురించి ఎందుకు రాస్తారమ్మా?"

"రాస్తారు. 'చుక్కలను ఒక స్వతంత్ర పరిశీలకుడు లెక్కించాడు.' ప్రతి పేపర్లోనూ ఉంటుంది."

"ఎవరో మగాయన అయ్యుంటాడు."

"అయ్యో, మీరేనండీ బాబూ!"

ఇద్దరం ఒకటే నవ్వు. లోపల్నుంచి అత్తగారు, "స్వతంత్రం వెలగబెట్టింది చాలుగానీ, నా మందుబిళ్ల ఏదీ?" అన్నారు.

ఆయనకు పేరు తెచ్చిన మాట ఒకటే. నొప్పి చాలాకాలం ఉంటే ఆ రిసెప్టర్లు తగ్గిపోతాయి, శరీరం అలవాటు పడిపోతుంది. అదంతా మగ ఎలుకల మీద తేల్చింది. ఆడ ఎలుకల్ని ఆయన దగ్గరికి రానిచ్చేవారు కారు. వాటి ఒంట్లో రోజుకో మార్పు, లెక్కలన్నీ పాడుచేస్తాయి అనేవారు. కందిరీగ పట్టుబట్టి తన డిగ్రీ కోసం ఆడ ఎలుకల్నే తీసుకుంది. ఇవేవీ నాకు అప్పుడు తెలియవు. నా బల్ల మీదికి వచ్చింది నలభై నాలుగు ఫొటోలు. పదకొండు రోజులు లెక్కపెట్టాను. సగం ఫొటోల్లో చుక్కలు నూట ఇరవై చుట్టుపక్కల ఉన్నాయి. మిగతా సగంలో రెండు వందలు దాటాయి. ఆ రెండో సగం చాలాకాలం నొప్పి భరించిన ఎలుకలవని తర్వాత తెలిసింది. ఉన్నది ఉన్నట్టు రాసి ఆ పిల్ల చేతికిచ్చాను. ఆమె వాటిని తన నోటుపుస్తకంలోకి ఎక్కించుకుని, నా కాగితాలు ఆయనకు అందజేసింది.

వారం తర్వాత ఆయన భోజనం మధ్యలో, "ఆ మధ్య లెక్కలు చేసినప్పుడు నీకు ఒంట్లో బాగాలేదు కదూ?" అన్నారు.

"బాగానే ఉందండీ."

"లేదు. జ్వరం. నువ్వు పైకి చెప్పుకోవు, అదే నీతో చిక్కు." అని అత్తగారి వైపు చూశారు.

అత్తగారు ఆలోచించను కూడా లేదు. "ఒళ్లు పెనంలా కాలిపోయింది కదరా. తడిగుడ్డ వేసింది నేనేగా, పిచ్చిమొహం ఎంత అవస్థ పడిందో."

పెళ్లైన ఇరవై రెండేళ్లలో ఆవిడ నా మీద జాలిపడడం అదే మొదటిసారి. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. అబద్ధమని అనిపిస్తూనే ఉంది, ఆ జాలి మాత్రం వదులుకోబుద్ధి కాలేదు. "అవునేమోనండీ," అన్నాను.

మర్నాడు ఆయన కొత్తవంటూ నలభై నాలుగు ఫొటోలు తెచ్చి బల్ల మీద పెట్టారు. వెనక వేరే అక్షరాలు, వేరే అంకెలు. "జ్వరంలో బాగా ఎక్కువ లెక్కపెట్టేశావు. ఈసారి జాగ్రత్తగా చెయ్యి." ఎక్కువ అన్న మాట నోటివెంట వచ్చేశాక అక్షరాలు మార్చి ఏం లాభం? అంతకన్నా పెద్ద పొరపాటు ఇంకోటి చేశారు. ఇన్నేళ్లు ఫొటోల మీద కళ్లు పెట్టుకు బతికిన మనిషికి ఫొటోలు మొహాల్లా గుర్తుండిపోతాయి. ఒకదానిలో ఎడమ అంచు చిరిగి ఉంది. ఒకదానిలో గాలిబుడగ. ఒకదానిలో చుక్కలు కాకుల గుంపులా ఒక మూలకు చేరి ఉన్నాయి. అన్నీ అవే. లెక్కపెట్టే మనిషికి ఏమీ తెలియకుండా ఇన్నేళ్లు కాపాడుకొచ్చిన ఆయన, లెక్కపెట్టే మనిషికి కళ్లుంటాయన్న సంగతి మర్చిపోయారు.

నేను అడగవచ్చు, ఇవి అవే కదండీ అని. అడగలేదు. రెండు వందల పది ఉన్న చోట తొంభై టిక్కులు పెట్టి పెన్సిల్ పక్కన పడేశాను. రెండు వందల ఇరవై ఉన్న చోట తొంభై ఆరు. ఇరవై రెండు ఫొటోలకూ అలాగే చేశాను. జ్వరంలో ఎక్కువైంది కాబట్టి తగ్గిస్తే సరిపోతుందని నాకు నేనే చెప్పుకున్నాను. కాగితాలు చేతికిచ్చిన సాయంత్రం ఆయన నాకోసం పండ్లు కొని తెచ్చారు.

స్వతంత్ర పరిశీలకుడి లెక్కకూ కందిరీగ నోటుపుస్తకానికీ పొంతన లేదని, కాగితాలు మా ఇంటి నుంచి ల్యాబ్‌కి చేరే దారిలో ఆమె అంకెలు మార్చిందని విశ్వవిద్యాలయం వాళ్లు విచారణ పెట్టి తేల్చారు. నా మొదటి కాగితాలు ఎక్కడా కనబడలేదట. ఆయన ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ, "కందిరీగ పని అయిపోయింది," అన్నారు, దోమ చచ్చింది అన్నట్టు.

రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం ఆ పిల్ల మా ఇంటికి వచ్చింది. అత్తగారు తలుపు సగం తీసి, "ఇంట్లో లేదు," అన్నారు. నేను ఆ తలుపు వెనకే ఉన్నాను, చేతిలో చీపురు.

"ఒక్క మాటండీ, పెద్దమ్మగారూ. మొదటి లెక్క ఆవిడదేనా కాదా, అంతే. ఔనంటే ఔను, కాదంటే కాదు. ఇంకేమీ అడగను."

"లేదని చెప్పానుగా! చదువుకున్నదానివి, మాట అర్థం కాదా?"

తలుపు పడింది. ఆ పిల్ల మెట్ల మీద కూర్చుంది. నేను తలుపుకి ఇవతల నేల మీద కూర్చున్నాను. రెండు గంటలు. లేచి వెళ్లిపోయిన చప్పుడు విన్నాక తలుపు తీసి, ఆమె కూర్చున్న మెట్టు ఊడ్చాను.

ఆమెకు డిగ్రీ రాలేదు. ఆ తర్వాత రెండేళ్లకు చుక్కలు లెక్కపెట్టే యంత్రాలు వచ్చాయి. నా పెన్సిళ్లు మా అమ్మాయి వాడేసింది. అత్తగారు పోయి ఆరేళ్లయింది. ఆయన రిటైరయ్యారు. ఇప్పుడు విశ్వవిద్యాలయంలో ఒక హాలుకు ఆయన పేరు పెడుతున్నారు. పాత సామానంతా అద్దాల బీరువాల్లో పెడతారట. "అటక మీది అట్టపెట్టెలు దింపి దుమ్ము దులిపి ఉంచు," అన్నారు ఆయన, పేపర్లోంచి తల ఎత్తకుండా. అరవై ఒక్క ఏళ్లు నాకు. నిచ్చెన నేనే వేసుకుని ఎక్కాను.

నాలుగో పెట్టెలో ఉన్నాయి. చిరిగిన అంచు, గాలిబుడగ, కాకుల గుంపు. వాటితోపాటు నా చేతిరాతతో రెండు కట్టల కాగితాలు, ఒకే క్లిప్పుకి. కనబడలేదన్న మొదటి కట్ట కూడా. శాస్త్రవేత్త కదా, ఏదీ పారెయ్యరు.

ఆ రెండు వందల పైన ఉన్న ఇరవై రెండు ఫొటోలూ మళ్లీ లెక్కపెట్టాను. ఆయన మధ్యాహ్నం పడుకున్నప్పుడు, భూతద్దం పెట్టుకుని, రోజుకి రెండు. కూర్చునే ముందు థర్మామీటరు నోట్లో పెట్టుకుని ఎంత ఉందో కాగితం మూల రాసేదాన్ని. నవ్వకండి. ఒకసారి మోసపోయిన మనిషి తన ఒంటినే నమ్మదు. పదకొండు రోజుల తర్వాత మొదటి కట్ట పక్కన పెట్టి చూశాను. పంతొమ్మిది ఫొటోల్లో ఒక్క చుక్క తేడా లేదు. మూడింటిలో ఒకటో రెండో. జ్వరం అప్పుడూ లేదు.

ఆ రోజు సాయంత్రం ఆయన హాలు ప్రారంభానికి తన ఉపన్యాసం రాసుకుని నాకు చదివి వినిపించారు. చివర్లో నేనున్నాను. "నా విజయాల వెనక ఏనాడూ ఒక్క ప్రశ్న అడగని నా భార్య ఉంది." కళ్లజోడు తీసి, "ఎలా ఉంది?" అన్నారు.

"ఒక ప్రశ్న అడగనాండీ?"

ఆయన నవ్వారు. "అడుగు, ఇప్పుడే అడుగు. తర్వాత వాక్యం మార్చుకోవాలి."

"కందిరీగ అంకెలు మార్చలేదని మీకు తెలుసా?"

ఉలిక్కిపడతారనుకున్నాను. కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని, పాఠం చెబుతున్నట్టు నింపాదిగా మాట్లాడారు. "ఆ పెట్టెలో నా చేతిరాతతో ఒక్క అంకె ఉందా, చూశావా?"

"లేదు."

"తొంభై అని రాసింది ఎవరు?"

"నేనే."

"తగ్గించి రాయమని నేను అన్నానా?"

"అనలేదు."

"జాగ్రత్తగా చెయ్యమన్నాను. అది తప్పయితే చెప్పు." ఆయన నా భుజం తట్టారు. "అబద్ధమాడింది నువ్వు. నేను నమ్మాను. భార్య మాట నమ్మడం నేరమా? అడక్కుండానే చేసిపెట్టావు చూడు, అందుకే నీలాంటి భార్య దొరకదంటాను. వెళ్లు, టీ పెట్టు."

టీ పెట్టాను. నీళ్లు మరిగే లోపల ఆయన మాటల్లో తప్పు వెతికాను. దొరకలేదు. ఒక్క అంకె కూడా ఆయన మార్చలేదు. ఆయనకు కావలసింది ఏమిటో ఇరవై రెండేళ్లుగా మొహం చూసి చెప్పగలిగే మనిషిని ఇంట్లో పెట్టుకున్నారు, అంతే. ఉప్పు తక్కువైతే ఆయన కంచం వైపు చూసే చూపును బట్టి అందించడం నాకు వచ్చు. అలాగే తొంభై కూడా అందించాను. ఇన్నేళ్లూ క్షమించమని దేవుణ్ణి అడుగుతూ వచ్చాను. ఆ స్వామి ఎప్పుడూ పలకలేదేమని నొచ్చుకున్నాను కూడా. ఒకరికి బాకీ పడి ఇంకొకరి కాళ్ల మీద పడితే ఆయన మాత్రం ఏమంటాడు?

మా అమ్మాయికి ఫోన్లో చెప్పాను. "ఈ వయసులో నాన్న పరువు తీస్తావా అమ్మా? నాన్న నీకేం తక్కువ చేశారు?" అంది.

"ఆయనేం తక్కువ చెయ్యలేదే. నేనే తక్కువ చేశాను. ఫొటోకి నూట ఇరవై చొప్పున."

"నీకేమైనా మతిపోయిందా?" అని పెట్టేసింది.

రెండు పేజీలు రాశాను. మొదటి లెక్క నాది, అది నిజం. రెండో లెక్క నాది, అది అబద్ధం. ఆ అమ్మాయి ఏ అంకెనూ మార్చలేదు. కింద సంతకం పెట్టాను. ఆయన చేసిన పనిలో నా పేరు పడడం అదే మొదటిసారి, అదీ ఒక అబద్ధం కింద. ఒక ప్రతి విశ్వవిద్యాలయానికి, ఒకటి ఆ రెండో లెక్కతో వచ్చిన ఆయన పేపర్ అచ్చువేసిన పత్రికకు, రెండూ రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. కౌంటర్‌లో అమ్మాయి బరువు తూచి రసీదు ఇచ్చింది. మూడో ప్రతి, ఫొటోలు, రెండు కట్టలు సంచిలో పెట్టుకుని బయల్దేరాను.

కందిరీగ బజారు వీధిలో రక్తపరీక్షల కేంద్రం నడుపుతోందని ల్యాబ్‌లో పాత అటెండరు చెప్పాడు. మందుల షాపు పక్కన చిన్న గది. గోడ వెంట కుర్చీలు, పరగడుపున వచ్చి నీరసంగా కూర్చున్న మనుషులు, స్పిరిట్ వాసన. టోకెన్ తీసుకుని కూర్చున్నాను. నాది పధ్నాలుగు. నా వంతు వచ్చి ఎదుటి కుర్చీలో కూర్చునేసరికి ఆమె తల ఎత్తకుండానే రబ్బరు గొట్టం చేతిలోకి తీసుకుని, "చెయ్యి చాపండి. ఏమైనా తిన్నారా?" అంది. జుట్టు సగం నెరిసింది. వేళ్లు మాత్రం అప్పటివే, చురుగ్గా ఉన్నాయి.

"నేను రక్తం ఇవ్వడానికి రాలేదమ్మా."

అప్పుడు చూసింది. గుర్తుపట్టింది. గొట్టం కింద పెట్టలేదు. నేను కాగితాలు బల్ల మీద పెట్టాను. రెండు పేజీలూ చదివింది, మళ్లీ మొదటి పేజీకి వచ్చింది. వెనక ఎవరో దగ్గారు.

"ఇవి ఇప్పుడు నేనేం చేసుకోవాలండీ?"

"పై వాళ్లకు కూడా పంపాను. పోస్టులో వేసే వచ్చాను."

"నాకు నలభై ఆరేళ్లు. హాలు కట్టి నా పేరు పెడతారా?" గొంతు పెంచలేదు. "మీకు ఎప్పుడు తెలిసింది, ఆ లెక్క సరైనదేనని?"

పదకొండు రోజుల సంగతి, థర్మామీటరు సంగతి చెబుదామని నోరు తెరిచాను. ఆమె నా కళ్లలోకే చూస్తోంది. చెప్పలేకపోయాను.

"అప్పుడే తెలుసమ్మా. అనుమానం అని పేరు పెట్టుకుని దాచుకున్నాను."

ఆమె తల ఊపింది, పరీక్షలో తను అనుకున్న ఫలితమే వచ్చినట్టు. "ఆ రోజు ఇంట్లోనే ఉన్నారు."

"తలుపు వెనకే ఉన్నాను."

"తెలుసు. తలుపు కింద సందులోంచి మీ పాదాలు కనబడ్డాయి. అందుకే రెండు గంటలు కూర్చున్నాను."

గదిలో ఫ్యాను తిరుగుతోంది. నాకు ఏడవాలనిపించింది. ఏడిస్తే ఆమె నన్ను ఓదార్చాల్సి వస్తుంది. ఆ పని కూడా ఆమెకే అప్పజెప్పడం న్యాయం కాదని ఊరుకున్నాను.

"ఒకే మాట అడిగాను అప్పుడు," అంది. "మళ్లీ అడుగుతున్నాను. కాగితం వద్దు, నోటితో చెప్పండి. మొదటి లెక్క మీదేనా, కాదా?"

"ఔను. నాదే."

కుర్చీల్లో ఉన్నవాళ్లకు కూడా వినబడేలా చెప్పాను. ఆమె కాగితాలు, ఫొటోలు తీసి సొరుగులో పెట్టి మూసింది. ఉండమనలేదు, వెళ్లమనలేదు. నా భుజం మీదుగా వెనక్కి చూసి, "పదిహేను ఎవరండీ?" అంది.

లేచి ఆ మనిషికి కుర్చీ ఇచ్చాను.